లింగో కథ రాసినవాడే తూటా కథా రాశాడు

మా ఇంట్లో పాత ట్రంకు పెట్టెలో, పెళ్లినాటి వెండి కడియాల పక్కన, గుడ్డలో చుట్టిన ఒక తూటా మొన ఉంది. చిటికెన వేలంత సన్నం. ముందు భాగం గుండ్రంగా, తెల్లటి లోహపు తొడుగుతో ఉంటుంది. ఎక్కడా వంగలేదు, నలగలేదు. కంసాలి దగ్గర తూకం వేయిస్తే 14 గ్రాములకు కాస్త తక్కువ వచ్చింది. మా తాత అన్నగారు దాన్ని ఒక మద్దిచెట్టు మానులోంచి గొడ్డలి మొనతో తవ్వి తీశాడట. చెట్టుకు తగలకముందు అది ఒక పులి లోంచి దూరిపోయింది. పులి చావలేదు. మరునాడు దాని జాడ తీయడానికి వెళ్లిన పెద్దతాతకు కుడి చెయ్యి జీవితాంతం పైకి లేవలేదు.

నిజాం కాలం చివరి రోజుల మాట ఇది. కాల్చింది ఎవరో ఒక పెద్ద అధికారి. ఆయన పేరు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. చిన్నప్పుడు నేను అడిగిన ప్రశ్న ఒక్కటే. అంత పెద్ద తుపాకీ తూటా పులి ఒంట్లోంచి వెళ్లిపోయినా పులి ఎలా బతికింది? తాత దగ్గర ఒక ముక్కలో జవాబుండేది: "అది మనుషుల తూటారా, పులి తూటా కాదు." ఆ ముక్క అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. చదువుకుంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ రాం రాం చెప్పి, ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట సరిచేసుకోవాలి. మనం వాడుకలో తూటా అనేది మొత్తం సరుకును: ఇత్తడి గొట్టం, అందులో మందు, అడుగున నిప్పు పుట్టించే బిళ్ల, పైన సీసపు మొన. ఎగిరి వెళ్లి తగిలేది ఆ మొన మాత్రమే. దాన్ని గుండు అందాం. వేటగాళ్లు వందేళ్లకు పైగా కొట్టుకున్నది ఎక్కువగా ఈ గుండు గురించే. మెత్తగా ఉండాలా గట్టిగా ఉండాలా, బరువుగా ఉండాలా వేగంగా ఉండాలా, తగిలాక విచ్చుకోవాలా లేక నేరుగా దూసుకుపోవాలా?

ఈ తగవులో ముందు వరసలో ఉన్న పేరు కెప్టెన్ జేమ్స్ ఫోర్సిత్. 1861లో ఏర్పడిన సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, అంటే మన పెనుగంగకు, ప్రాణహితకు అవతలి ఒడ్డున మొదలయ్యే దేశంలో, పనిచేసిన బ్రిటిష్ అధికారి. నిమార్ జిల్లా సెటిల్‌మెంటు చేశాడు. పచ్‌మఢీ కొండ మీద ఆయన కట్టుకున్న ఇంటికి బైసన్ లాడ్జ్ అని పేరు. బైసన్ అంటే వాళ్ల మాటలో మన అడవిదున్నే. ఫోర్సిత్ 33 ఏళ్లకే, 1871లో చనిపోయాడు. అదే ఏడాది వెలువడిన ఆయన పుస్తకం 'ది హైలాండ్స్ ఆఫ్ సెంట్రల్ ఇండియా'. అందులో ఒక అధ్యాయం నిండా మన లింగో కథ ఉంది. నాగపూర్‌లో ఉండిన స్టీఫెన్ హిస్లాప్ అనే మిషనరీ పర్ధాన్‌ల నోటి నుంచి సేకరించిన కథ అది. హిస్లాప్ పోయాక 1866లో రిచర్డ్ టెంపుల్ దాన్ని అచ్చు వేయించాడు. ఫోర్సిత్ ఆ కథను ఇంగ్లిష్ పద్యంగా మలిచాడు. గుహలో బందీలైన మనవాళ్లను లింగో విడిపించిన ఘట్టం లండన్ పాఠకులకు చేరింది ఇలాగే.

ఆయనే అంతకు ముందు, 1863లో, మరో పుస్తకం అచ్చు వేశాడు. వేట రైఫిలు గురించీ, అది విసిరే గుండ్ల గురించీ. ఒకే చెయ్యి ఈ రెండూ రాయడం నాకు మొదట వింతగా తోచింది. తర్వాత ఆలోచిస్తే అంత వింత కాదు. రెండింటికీ ఆయన గురువులు ఒకే అడవిలో ఉన్నారు.

ఆ పుస్తకంలో ఆయన వాదన తేలికగా చెప్పుకోవచ్చు. అప్పటికి సైన్యంలో పొడవాటి కోలగుండు వచ్చేసింది. గొట్టం లోపలి మెలికల వల్ల గిరగిర తిరుగుతూ చాలా దూరం పోయి తగిలేది. కానీ నెమ్మదిగా, విల్లులా వంగిన దారిలో పోయేది. దూరం ముందే కొలిచి గుర్తుపెట్టిన మైదానంలో అది బాగానే ఉంటుంది. అడవిలో పొదల సందున ఒక్క క్షణం కనిపించిన కణితి ఎన్ని గజాల దూరంలో ఉందో ఎవరు కొలుస్తారు? యాభై అనుకుని కాలిస్తే నూట ఇరవై అవుతుంది, గుండు కాళ్ల కిందనుంచి పోతుంది. కనుక అడవి వేటకు పనికొచ్చేది వేగంగా, తిన్నగా పోయే గుండు అన్నాడు ఫోర్సిత్. అందుకు వెడల్పాటి గొట్టంలో గోళీలాంటి గుండ్రటి గుండు పెట్టి, మందు దండిగా దట్టించమన్నాడు. అయితే మందు ఎక్కువైతే గోళీ మెలికలను పట్టుకోకుండా జారిపోతుంది. దానికి విరుగుడుగా మెలికలను బాగా నెమ్మదిగా తిరిగేలా, లోతు తక్కువగా చెక్కించమన్నాడు. గన్నుల తయారీదారులు ఈ సలహాను విన్నారు. నల్లమందు తుపాకులతో సరదాకి గురి చూసేవాళ్లు ఈ రోజుకీ ఫోర్సిత్ రైఫ్లింగ్ అనే మాట వాడతారు.

ఆ రోజుల్లో గొట్టం కొలత చెప్పే పద్ధతి కూడా తెలుసుకోవలసిందే. ఒక పౌను సీసంతో ఎన్ని సమానమైన గోళీలు పోయవచ్చో ఆ అంకె. పన్నెండు గోళీలైతే 12 బోరు, ఒక్కొక్కటి సుమారు 38 గ్రాములు. నాలుగే అయితే 4 బోరు, ఒక్కో గోళీ 113 గ్రాములు. ఏనుగుల మీదకు 8 బోరు, 4 బోరు పట్టుకెళ్లేవాళ్లు. శామ్యూల్ బేకర్ అనే ఇంకో పేరుమోసిన వేటగాడు అర పౌను బరువున్న పేలుడు గుండును కాల్చే తుపాకీ ఒకటి చేయించుకుని దానికి 'బేబీ' అని పేరు పెట్టాడు. కాల్చిన ప్రతిసారీ అది తననే గిర్రున తిప్పేసేదని రాసుకున్నాడు. తుపాకీ ఎంత పెద్దదైతే అంత గొప్ప అనుకునే మన కుర్రాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

బేకర్ అనుభవం మాత్రం కొట్టిపారేయదగింది కాదు. సింహళంలో ఎనిమిదేళ్లు, తర్వాత ఆఫ్రికాలో ఏనుగులను వేటాడినవాడు. సీసం ఒంటరిగా మెత్తన. ఏనుగు తల ఎముకకు తగిలితే చపాతీలా అణిగి అక్కడే ఆగిపోతుంది, మెదడు దాకా పోదు. కాబట్టి సీసంలో తగరం గానీ పాదరసం గానీ కలిపి గట్టిపరచేవాడు. కాగే సీసంలో పాదరసం పోస్తే లేచే ఆవిరి విషం. ఆ కుండ పక్కన కూర్చుని గరిటె తిప్పిన కూలీల సంగతి ఎవరూ రాయలేదు. పులికి వచ్చేసరికి అదే బేకర్ స్వచ్ఛమైన మెత్తటి సీసమే కావాలన్నాడు. పులి చర్మం పలచన, ఎముక ఏనుగుదంత మందం కాదు. గుండు లోపలికి పోయి పుట్టగొడుగులా విచ్చుకుని, వెడల్పైన గాయం చేసి, తన బలమంతా లోపలే ఖర్చు చేసి ఆగాలి. బయటికి దూసుకుపోయిన గుండు మిగిలిన బలాన్ని చెట్టుకో పుట్టకో ఇచ్చేస్తుంది. మా ట్రంకు పెట్టెలోని మొన చేసింది అదే.

ఇంతలో ఎక్స్‌ప్రెస్ రైఫిళ్లు వచ్చాయి. ఎక్స్‌ప్రెస్ రైలు లాంటి వేగమని ఆ పేరు. గుండు తేలిక కావడానికి ముందు భాగంలో బోలుగా గుంట తొలిచేవారు. జింకకూ చిరుతకూ బ్రహ్మాండంగా పనిచేసేది. అడవిదున్న భుజం ఎముకకు తగిలితే మాత్రం పైపైనే ముక్కలైపోయేది. దున్న నేలకొరగదు, కోపం తెచ్చుకుంటుంది. బేకర్ 1890లో అచ్చయిన తన పుస్తకంలో ఈ బోలు గుండ్లను గట్టిగా తప్పుబట్టాడు.

1890లలో పొగలేని మందు వచ్చి లెక్కలన్నీ మార్చేసింది. గుండు వేగం ఒక్కసారిగా పెరిగింది. అంత వేగంలో ఒట్టి సీసం గొట్టం లోపలే కరిగి అంటుకుంటుంది. అందుకని పైన నికెల్ కలిసిన గట్టి తొడుగు వేశారు. 1898లో జాన్ రిగ్బీ కంపెనీ తెచ్చిన .450 రైఫిలు 31 గ్రాముల గుండును సెకనుకు 2,150 అడుగుల వేగంతో విసిరేది. పాత 4 బోరు ఫిరంగులు మూలన పడ్డాయి. ఇక్కడి నుంచి వేటగాడి సంచిలో రెండు రకాల తూటాలు వేరువేరుగా ఉండటం ఆనవాయితీ అయింది. మొదటిది మొన కప్పకుండా సీసం బయటికి కనిపించేది. తగలగానే విచ్చుకుంటుంది. పులికి, కణితికి, ఎలుగుబంటికి ఇది. రెండోది మొన దాకా తొడుగు మూసినది. విచ్చుకోదు, ఎముకను చీల్చుకుని లోతుకు పోతుంది. ఏనుగుకు, అడవిదున్నకు ఇది. చీకట్లో మంచె మీద కూర్చుని ఒకదానికి బదులు ఇంకోటి ఎక్కించాడంటే, ఆ పొరపాటు ఫలితం మరునాడు తెల్లవారాక తెలుస్తుంది. తెలిసేది ఆయనకు కాదు, జాడ తీసేవాడికి.

మా తాతలకు ఇదేమీ కొత్త విద్య కాదు. పిట్టకు మొద్దు మొన బాణం, పెద్ద జంతువుకు వెడల్పాటి ఇనుప మొన బాణం అని వాళ్లకు పుట్టుకతోనే తెలుసు. వాళ్ల అసలు నైపుణ్యం బాణం తగిలిన తర్వాత మొదలయ్యేది. నెత్తురు లేత ఎరుపుగా, నురగతో ఉంటే ఊపిరితిత్తులకు తగిలింది, దగ్గరలోనే పడి ఉంటుంది. ముదురుగా నల్లబారి ఉంటే కాలేయం. కాసేపు ఆగి వెళ్లాలి, తొందరపడి తరిమితే మైళ్లు పోతుంది. పచ్చటి పసరు కలిసి వాసన వేస్తే పొట్ట. అది అన్నిటికన్నా చెడ్డ జాడ. మొదట నెత్తురు ధారగా ఉండి పోనుపోను చుక్కలైతే కండకు తగిలిన గాయం, జంతువు బతికే ఉంది. గడ్డి మీద మరక ఎంత ఎత్తున ఉందో చూస్తే గాయం ఒంట్లో ఎంత ఎత్తున ఉందో తెలుస్తుంది. ఇంత చదువు ఏ రైఫిలు కంపెనీ పట్టికలోనూ ఉండదు. గాయపడిన పులి దాక్కున్న పొదలోకి ముందు గేదెల మందను తోలేవారని దొరల పుస్తకాల్లో ఉంది. గేదెలు దొరకనప్పుడు ఎవరిని తోలారో చెప్పనక్కరలేదు.

పెద్దతాత వెళ్లిన రోజున జాడలో పసరు లేదు, నురగ లేదు. పలచగా చుక్కలు. కాల్చినది పోలీసులూ పటాలమూ వాడే .303 రైఫిలు. దాని గుండు నిండా తొడుగు కప్పినది. మనిషి కోసం చేసినది. పులి పక్కటెముకల సందున సన్నటి బెజ్జం చేసుకుని అవతలికి పోయింది. మంచె మీదున్నాయన, దెబ్బ బాగా తగిలింది, చచ్చి ఉంటుంది, పోయి తీసుకురండి అన్నాడట. పెద్దతాత, చావలేదు, రేపటి దాకా ఆగుదాం అన్నాడు. ఆగారు గానీ మరునాడు పొద్దున్నే పంపారు. ఆగడం వల్ల పులి చావలేదు, పెద్దతాత ప్రాణం మాత్రం దక్కింది. గాయం బిగిసి పులి మెల్లగా లేచింది కాబట్టి భుజంతో పోయింది. ఇదీ ఆయన చెప్పిన లెక్క.

గురి తప్పిన గుండు ఎంత దూరం పోతుందో చెప్పే కథ కుమావూ కొండల్లో ఉంది. చంపావత్ ఆడపులి నేపాల్‌లోనూ కుమావూలోనూ కలిపి 436 మందిని చంపిందని లెక్క. 1907లో జిమ్ కార్బెట్ దాన్ని చంపాడు. తన తూటాలు అయిపోతే, తహసీల్దారు చేతిలోని పాత తుపాకీ తెచ్చుకుని చివరి దెబ్బ కొట్టాడు. తర్వాత నోరు తెరిచి చూస్తే కుడివైపు పై కోర, కింది కోర విరిగి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో కాల్చిన గుండు దెబ్బ. దానివల్లే అది మామూలు వేట చేయలేక మనుషుల మీద పడిందని కార్బెట్ తేల్చాడు. కాల్చినవాడు ఎవరో లోకానికి తెలియదు. బహుశా ఇంటికెళ్లి, తగిలింది కానీ తప్పించుకుంది అని చెప్పుకుని ఉంటాడు. ఆ వేటకు బహుమతిగా కార్బెట్‌కు దక్కిన రిగ్బీ .275 చిన్న గొట్టపు రైఫిలు. అలాంటి సన్న గొట్టంతోనే, సుమారు 11 గ్రాముల తొడుగు గుండ్లతో, ఆఫ్రికాలో బెల్ అనే వేటగాడు వందల ఏనుగులను కూల్చాడు. చచ్చిన ఏనుగు తలను నిలువునా కోయించి మెదడు ఎక్కడుందో చూసుకున్న మనిషి అతను. దంతాల కోసం చేసిన ఆ హత్యాకాండను నేను మెచ్చుకోను. కానీ గుండు ఎంత పెద్దదన్నది కాక ఎక్కడ తగిలిందన్నది ముఖ్యమని అతని తర్వాత ఎవరూ కాదనలేకపోయారు.

ఇప్పుడు తాత చెప్పిన మాటకు వస్తాను. మనుషుల తూటా, పులి తూటా.

1895 చిత్రాల్ యుద్ధంలో బ్రిటిష్ సైనికులు తమ .303 తొడుగు గుండు మనిషిని ఆపడం లేదని ఫిర్యాదు చేశారు. సన్నగా దూరిపోతోంది, తగిలినవాడు ఇంకా మీదికి వస్తున్నాడు. కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధాల ఫ్యాక్టరీ దీనికి ఉపాయం కనిపెట్టింది. మొన దగ్గర తొడుగు తీసేసి సీసం బయట పెట్టడమే. అంటే పులి తూటాను మనిషికి వాడడం. 1897-98లో వాయవ్య సరిహద్దు కొండజాతుల మీద వాడారు. 1899లో హేగ్ నగరంలో దేశాలన్నీ కూర్చుని, ఒంట్లో విచ్చుకునే గుండ్లను యుద్ధంలో నిషేధిద్దామన్నప్పుడు బ్రిటన్ ప్రతినిధి సర్ జాన్ ఆర్డా అడ్డుపడ్డాడు. ఆయన వాదన సారాంశం వినండి. నాగరిక సైనికుడు చిన్న గాయమైతే చాలు, వెనక్కి తగ్గుతాడు. అనాగరికుడు అలా కాదు, ఎన్ని గుండ్లు దూరినా మీదికి వస్తాడు, అతణ్ని ఆపడానికి పెద్ద గాయం కావాలి. ఇది నేను చదివినప్పుడు బేకర్ పులి గురించి రాసిన పేరాలు కళ్లముందు కదిలాయి. మాటలు కూడా పెద్దగా మారలేదు, జంతువు పేరు మాత్రమే మారింది. ఆ మెట్ట మీద నిలబడింది పఠాన్లు. కానీ 'అనాగరికుడు' అనే ఆ పట్టికలో గోండు, కోయ, కొండరెడ్డి పేర్లు లేవని ఎవరూ అనుకోనక్కరలేదు. హేగ్ ప్రకటన అయితే ఆమోదం పొందింది. బ్రిటన్ దానికి ఒప్పుకున్నది 1907లో. నేటికీ యుద్ధంలో నిషిద్ధం, వేటలో మామూలు.

ఇంకో ముచ్చట. ఇందాక చెప్పిన .450 రైఫిలు మన దేశంలో బాగా అమ్ముడయ్యేది. 20వ శతాబ్దం తొలి దశకంలో ప్రభుత్వం ఆ కొలత తూటాల దిగుమతిని ఆపేసింది. తిరుగుబాటుదారుల చేతుల్లో పాత మార్టినీ-హెన్రీ సైనిక తుపాకులు ఉండేవి, వాటి గొట్టం కొలతా .450. దొరల వేట గుండ్లు వాటికి దొరికితే ఎలా అని భయం. అందుకే లండన్ కంపెనీలు హడావిడిగా .465, .470, .475 అని కొత్త కొలతలు పుట్టించాయి. వేట పుస్తకాల్లో ఈ అంకెలను ఏదో జంతుశాస్త్రం ప్రకారం పుట్టినట్టు చదువుతాం. అవి పుట్టింది మన భయంతో. 1878 ఆయుధాల చట్టం అప్పటికే మనవాళ్ల చేతిలో లైసెన్సు లేని తుపాకీ ఉండకుండా చేసింది. అప్పట్లో యూరోపియన్లకు ఆ నిబంధన లేదు.

ఆ భయం ఉత్తదేమీ కాదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడింది. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకుపోయారు. బడిలో మనకు తుపాకుల అంకె చెబుతారు. తూటాల అంకె మీద ఎవరూ ఆగరు. సరిపడే తూటా లేని తుపాకీ దుడ్డుకర్రతో సమానమని గాం దొరకు, మల్లు దొరకు తెలుసు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు పోలీసు అధికారులు కూలింది ఆ తర్వాతే. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం మీద నిజాం పోలీసులు కాల్పులు జరిపారు. మనవాళ్ల చేతుల్లో ఎక్కువగా ఉన్నవి బల్లేలూ, బాణాలూ, నాటు తుపాకులూ.

వేట ఫోటోలు మీరు ఫోన్లలో చూసే ఉంటారు. 1902లో వైస్రాయి కర్జన్ నిజాం రాజ్యానికి వచ్చినప్పుడు వరంగల్ వైపు నెక్కొండ దగ్గర విడిది వేసి పులులను వేటాడాడు. లాలా దీన్ దయాళ్ ఆ ఫోటోలు తీశాడు. చచ్చిన పులి ఉంటుంది, దొర ఉంటాడు, రైఫిలు ఉంటుంది. ఆ రైఫిలు ఏ కంపెనీదో, ఏ కొలతో కూడా భూతద్దం పెట్టి చెప్పగల సరదా పరులు ఇప్పటికీ ఉన్నారు. డప్పులు కొట్టి పులిని మంచె కిందికి తోలినవాళ్ల పేర్లు ఆ ఫోటో కింద రాయలేదు.

1972లో పులులను లెక్కపెడితే దేశమంతటా 1,827 తేలాయి. అదే ఏడాది వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, మరుసటి ఏడాది ప్రాజెక్ట్ టైగర్. మన కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వు అయింది. ఇప్పుడు ఆ అడవిలో పులి మీద ఏ తూటా పేలినా జైలే. ఆ లెక్క తగ్గడానికి కారణమైన రైఫిళ్లు ఎవరివో ఈ వ్యాసంలో చూశారు. ఊళ్లు ఖాళీ చేయమన్న కాగితాలు మాత్రం వచ్చింది మన గూడేలకు.

పెద్దతాత 1980ల దాకా బతికాడు. ఎడమ చేత్తోనే కల్లుముంత అందుకునేవాడు. ఆ మొనను అప్పుడప్పుడు బయటికి తీయించి, అరచేతిలో దొర్లించి, మా చేతుల్లో పెట్టేవాడు. "ఎంత నున్నగా ఉందో చూడండి. పులి ఒంట్లోకి పోయి వచ్చిందంటే నమ్ముతారా?" అనేవాడు. మాలో ఒకడు, కాల్చినాయన నీకేమైనా ఇచ్చాడా తాతా అని అడిగాడు ఒకసారి. ఇచ్చాడు, మద్దిచెట్టులో ఉంది తవ్వుకోమన్నాడు అని నవ్వాడు.